పడవ ఇచ్చేస్తే పని అయిపోదు: విపత్తు తర్వాత మత్స్యకార పల్లెకి సాయం చేయడం ఎలా

తుఫానో, ఉప్పెనో, సునామీయో తీరాన్ని కొట్టి వెళ్లాక సాయం చేద్దామనుకునే వాళ్లలో చాలామందికి మొదట గుర్తొచ్చేది పడవ. విరిగిన పడవల ఫొటోలే టీవీలో కనిపిస్తాయి, చందా ఇచ్చేవాళ్లకి కూడా కొత్త పడవ మీద తమ పేరు చూసుకోవడం బాగుంటుంది, అందుకని డబ్బంతా అటే పోతుంది. కానీ వేట సాగాలంటే పడవతో పాటు వల కావాలి, ఇంజను కావాలి, డీజిల్, ఐసు, రేవు, రేవు నుంచి మార్కెట్‌కి రోడ్డు, సరుకు కొనే వ్యాపారి, గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే ఆడమనిషి, వేటకి ముందు పెట్టుబడి ఇచ్చే షావుకారు, వీళ్లంతా కావాలి. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా కొత్త పడవ ఇసుక మీదే ఉంటుంది. కాబట్టి మీరు పదివేలు పట్టుకుని వెళ్లినా పది కోట్లు పట్టుకుని వెళ్లినా, ముందు ఎక్కడ తెగిందో వెతకండి, తర్వాత జేబులో చెయ్యి పెట్టండి.

ఇది ఊరికే చెప్తున్న మాట కాదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ తర్వాత ఇండొనేషియాలోని ఆచే, శ్రీలంక, తమిళనాడు తీరాలకి ప్రపంచం నలుమూలల నుంచీ డబ్బు వచ్చింది. సంస్థలు పోటీలు పడి పడవలు పంచాయి. కొన్నిచోట్ల పోయిన వాటికన్నా ఇచ్చినవే ఎక్కువయ్యాయి, ఎన్నడూ వేటకి వెళ్లని వాళ్లకి కూడా పడవలు దక్కాయి, అదే సమయంలో నిజంగా నష్టపోయిన కొన్ని ఇళ్లకి ఏమీ అందలేదు. ఆచేలో తొందరలో పచ్చి కలపతో కట్టిన చిన్న పడవలు ఎన్నో సముద్రానికి పనికిరాక ఒడ్డునే పడి ఉన్నాయి. తమిళనాడులో కట్టుమరాలు (దుంగలు కట్టిన తెప్పలు) పోయిన చోట ఫైబర్ పడవలు వచ్చాయి, వాటికి ఇంజన్లు, ఇంజన్లకి ఆయిలు, దాంతో రోజువారీ ఖర్చు పెరిగింది. ఒడ్డుకి దగ్గర నీళ్లలో పడవలు కిక్కిరిస్తే ఒక్కో పడవకి దొరికే చేప తగ్గుతుంది. సాయం చేసినవాళ్లు మంచి మనసుతోనే చేశారు, కానీ ఎవరికి ఏం కావాలో అడిగే ఓపిక లేకపోయింది.

మొదటి వారం

ఈ వారంలో పడవల ఊసే వద్దు. మనుషులు, మంచినీళ్లు, నీడ, అంతే.

ముందు చూడాల్సింది ఇంకా సముద్రంలో ఎవరున్నారనేది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, వేటకి వెళ్లి తిరిగిరాని ప్రతి పడవ గురించీ ఒక కాగితం రాయండి: పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఎక్కిన వాళ్ల పేర్లు, ఏ వైపు వెళ్లారు, ఎన్ని రోజులకి సరిపడా నీళ్లూ డీజిలూ తీసుకెళ్లారు, చివరిగా ఫోన్‌లో ఎప్పుడు మాట్లాడారు. వేరే ఊళ్ల నుంచి కూలికి వచ్చిన కలాసీలు ఈ లెక్కలో తప్పిపోతారు, వాళ్ల కోసం అడిగే మనిషి ఆ ఊళ్లో ఉండడు గనుక. బోటు యజమానిని, సరంగు (బోటు నడిపేవాడు) ఇంటివాళ్లని విడివిడిగా అడిగితే ఆ పేర్లు బయటపడతాయి. ఈ కాగితాలు తీర రక్షక దళానికీ జిల్లా అధికారులకీ ఇవ్వండి, ఒక కాపీ ఊళ్లో ఉంచండి. తర్వాత పరిహారం దగ్గర గొడవ వచ్చినప్పుడు ఈ కాగితమే ఆధారం అవుతుంది.

శిబిరం నడపాల్సి వస్తే స్ఫియర్ ప్రమాణాలు అని ప్రపంచమంతా వాడే లెక్కలు ఉన్నాయి, అవి గుర్తు పెట్టుకోండి. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, తలకి 3.5 చదరపు మీటర్ల కప్పున్న చోటు. మరుగుదొడ్లు ఆడవాళ్లకి విడిగా, రాత్రి వెలుతురు ఉండే చోట, లోపలి నుంచి గడియ పెట్టుకునేలా ఉండాలి.

పాత బట్టలు పంపకండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో పాత బట్టలు రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉండిపోయాయి, వాటిని ఎత్తి పారేయడం ఇంకో పని అయింది. చాపలు, దుప్పట్లు, వంట గిన్నెలు, శానిటరీ ప్యాడ్లు, టార్చి లైట్లు, ఫోన్ చార్జింగ్ పెట్టుకునే ఏర్పాటు, ఇవి ఎన్నున్నా సరిపోవు.

బావుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి చేద్దామని చెడగొట్టేది ఇక్కడే. ఉప్పునీరు ఎక్కిన బావిని చూడగానే మోటరు పెట్టి మొత్తం తోడేయాలనిపిస్తుంది. తీరం దగ్గర భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద పలచని పొరలా తేలుతూ ఉంటుంది, మీరు గబగబా తోడేకొద్దీ కిందనున్న ఉప్పునీరు పైకి లాగబడుతుంది. శ్రీలంక తూర్పు తీరంలో సునామీ తర్వాత పదేపదే తోడిన బావుల్లో ఇలాగే ఉప్పు ఇంకా పట్టుకుంది. చెత్త, బురద, చచ్చిన జంతువులు తీసేయండి, అడుగున పేరుకున్న మట్టి ఎత్తేయండి, నీళ్లు కొద్దికొద్దిగా తోడండి, ఆపైన వానలకి వదిలేయండి. బావి నీళ్లు మళ్లీ పూర్తిగా మంచినీళ్లు కావడానికి ఒకటి రెండు వానాకాలాలు పట్టొచ్చు. ఈలోగా తాగడానికి ట్యాంకర్లు తప్పవు. క్లోరిన్ వేస్తే క్రిములు చస్తాయి గానీ ఉప్పు పోదు, మరగబెట్టినా పోదు, ఈ రెండు మాటలూ ఊళ్లో అందరికీ తెలిసేలా చెప్పండి.

మునిగిన ఇంజన్లు, ఇది మాత్రం ఆలస్యం చేయకూడదు

మొదటి వారంలో పడవల ఊసొద్దన్నాను గానీ ఇంజన్ల విషయంలో ఆ మాట వెనక్కి తీసుకోవాలి. పెట్రోల్‌తో నడిచే ఔట్‌బోర్డ్ ఇంజను, అంటే పడవ వెనక బయట బిగించేది, ఉప్పునీట్లో మునిగి ఉన్నంతసేపూ నెమ్మదిగా పాడవుతుంది, బయటికి తీసి గాలి తగిలిన క్షణం నుంచీ తుప్పు పరుగెత్తుతుంది. అందుకని నీళ్లలో ఉన్న ఇంజన్ని చేతిలో ఏ ఏర్పాటూ లేకుండా ఒడ్డుకి లాగి ఎండలో పెట్టడం కన్నా, అన్నీ సిద్ధం చేసుకుని తీయడం మేలు.

తీయగానే పై మూత విప్పి ఉప్పు లేని నీళ్లతో లోపలా బయటా బాగా కడగాలి. తాగే నీళ్లే అక్కర్లేదు, చెరువు నీళ్లయినా చాలు, ఊరంతా తాగునీటికి కటకటలాడుతున్నప్పుడు ట్యాంకరు నీళ్లు ఇంజన్లకి పోస్తే తన్నులు తప్పవు. తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలు కిందికి ఉండేలా ఇంజన్ని వంచి, ఫ్లైవీల్‌ని (ఇంజన్ని తిప్పే బరువైన చక్రాన్ని) చేత్తో నెమ్మదిగా తిప్పితే సిలిండర్లో చేరిన నీళ్లు బయటికి వస్తాయి. తిప్పుతుంటే ఎక్కడైనా బిగుసుకున్నట్టో, ఇసుక గరగరలాడినట్టో అనిపిస్తే అక్కడే ఆపేయాలి, బలవంతంగా తిప్పితే పనికొచ్చేది కూడా పోతుంది. నడుస్తుండగా మునిగిన ఇంజను అయితే లోపల కనెక్టింగ్ రాడ్ వంగి ఉండే అవకాశం ఉంది, దాన్ని మెకానిక్ విప్పి చూడాల్సిందే. నీళ్లు పోయాక కార్బ్యురేటరూ, పెట్రోలు ట్యాంకూ, పైపులూ ఖాళీ చేసి, సిలిండర్లలోకి ఆయిలు బాగా పోసి మళ్లీ తిప్పాలి. వీలైతే కొన్ని గంటల్లోనే స్టార్ట్ చేసి కాసేపు నడపాలి. మెకానిక్ ఇవాళ దొరకడు అనుకుంటే, వింతగా అనిపించినా సరే, ఇంజన్ని మంచినీళ్ల డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచేయండి, గాలి తగలదు గనుక మెకానిక్ వచ్చేదాకా ఆగుతుంది.

మెకానిక్‌లు ఇద్దరు ముగ్గుర్ని, విడిభాగాలు, ఆయిల్ డబ్బాలు వేసుకుని మూడో రోజుకల్లా రేవుకి చేరగలిగితే అక్కడ మిగిలే ఇంజన్ల విలువ, ఆర్నెల్ల తర్వాత మీరు పంచే కొత్త ఇంజన్ల విలువకి ఏమాత్రం తీసిపోదు. ఫొటోలో పెద్దగా కనపడదు గనుక దీనికి చందా అడగడం కొంచెం కష్టం, అంతే.

లెక్క రాసేటప్పుడు

రెండో వారం నుంచి నష్టం లెక్క మొదలవుతుంది. ప్రభుత్వం ఒక జాబితా రాస్తుంది, ఊరి పెద్దలు ఒకటి రాస్తారు, వచ్చిన ప్రతి సంస్థా మళ్లీ తనది తాను రాసుకుంటుంది, ఆ పల్లెలో వాళ్లు ఒకే మాట పదిమందికి చెప్పి చెప్పి విసిగిపోతారు. మీ కన్నా ముందు ఎవరైనా రాసి ఉంటే అది అడిగి తీసుకుని, తప్పులు దిద్దండి చాలు.

జాబితాలో ఎప్పుడూ పైన ఉండేది పడవ యజమాని. కానీ ఒక పడవ మీద నలుగురైదుగురు కలాసీలు బతుకుతారు, వచ్చిన చేపలో వాళ్లకి వాటా ఉంటుంది, పడవ పోతే ఆ వాటా కూడా పోతుంది. వీళ్లకి చూపించడానికి పోయిన వస్తువంటూ ఏమీ ఉండదు కాబట్టి వీళ్ల పేరు ఎక్కడా ఎక్కదు. వల అల్లేవాళ్లు, ఐసు మోసేవాళ్లు, చేపలు ఎండబెట్టేవాళ్లు, రేవులో బుట్టలు ఎత్తేవాళ్లు, పడవలు బాగుచేసే వడ్రంగులు కూడా ఇంతే. పడవకి పక్కన ఇంకో గడి పెట్టి "ఈ పడవ మీద ఆధారపడ్డవాళ్లు ఎవరెవరు" అని రాస్తే చాలావరకు పట్టుబడతారు.

ఆడవాళ్లని విడిగా అడగండి. అందరూ కూర్చున్న సభలో పెద్దమనిషి పక్కన ఉండగా "మీకేం కావాలమ్మా" అంటే తలూపి ఊరుకుంటారు. అదే చేపలమ్మే ఆవిడ పక్కన కూర్చుని, పోయినవి ఒక్కొక్కటిగా చెప్పించండి: గంప, త్రాసు, కత్తి, ఐస్ పెట్టె, ఎండబెట్టిన సరుకు, వ్యాపారి దగ్గర రావాల్సిన బాకీ, సంఘంలో తను కట్టాల్సిన వాయిదా. ఇందులో చాలా వాటి ఖరీదు ఒక వల ఖరీదులో చిన్న ముక్క. అది చేతికి అందితే పడవలు ఇంకా కదలకముందే వేరే రేవు నుంచి చేప తెచ్చుకుని ఆమె అమ్మకం మొదలుపెడుతుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నన్నడిగితే ఉన్న డబ్బు తక్కువైతే ముందు ఇక్కడే పెట్టాలి.

రాసిన జాబితాని రేవులో, గుడి దగ్గరో, ప్రార్థనా మందిరం దగ్గరో, నలుగురూ చూసే చోట అతికించి వారం రోజులు వదిలేయండి. లేని పడవ రాయించుకున్న వాడి సంగతి పక్కింటివాళ్లే చెప్తారు. గొడవలు అవుతాయి, అవ్వనివ్వండి, సరుకు పంచాక అయ్యే గొడవ కన్నా అది నయం.

బాగు చేయడమా, కొత్తది ఇవ్వడమా

2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌ని కొట్టిన హైయాన్ తుఫానులో దాదాపు 30 వేల చేపల పడవలు దెబ్బతినడమో నాశనమవడమో జరిగింది. ఇలాంటి సందర్భంలో అన్నీ కొత్తవి కట్టించాలంటే కలప ఎక్కణ్నుంచి వస్తుంది, వడ్రంగులు ఎక్కడ దొరుకుతారు? విరిగిన పడవల్లో సగం బాగుచేయగలిగినా వేట ఎన్నో నెలలు ముందు మొదలవుతుంది. కాబట్టి మొదట మరమ్మతు, అది కుదరనప్పుడే కొత్తది. ప్లైవుడ్, మేకులు, ఫైబర్ మ్యాట్ (గాజు పోగుల గుడ్డ), దాన్ని గట్టిపరిచే రెజిన్, రంగు, పనిముట్లు ఊళ్లోకి తెచ్చి పెట్టి, ఆ ఊరి వడ్రంగులకి కూలి ఇచ్చి చేయించండి. బయటి కంపెనీకి ఆర్డర్ ఇస్తే ఆ కూలి డబ్బు కూడా బయటికే పోతుంది.

కొత్తది తప్పదనుకుంటే, వేటకి వెళ్లేవాళ్లని తీసుకెళ్లి నమూనా పడవని వాళ్ల తీరంలోనే, వాళ్ల అలల మీదే నడిపించి చూడండి. ఒక రేవులో బ్రహ్మాండంగా తేలే పడవ పక్క రేవులో అలలు విరిగే చోట తిరగబడుతుంది. ఫైబర్ పడవ అయితే మీకు ఇంజనీరింగ్ తెలియకపోయినా కొన్ని చూడొచ్చు. ఒక నాణెంతోనో చిన్న సుత్తి పిడితోనో పక్కలంతా తట్టుకుంటూ వెళ్లండి, గట్టిగా టంగుమనే చోట బాగుంది, డొల్లగా డబ్‌డబ్ అన్న చోట పొరల మధ్య గాలి చిక్కుకుంది. రెజిన్ తక్కువైన చోట గాజు పోగులు పొడిగా తెల్లగా పైకి కనిపిస్తాయి. పడవ నీళ్లతో నిండినా మునగకుండా తేలడానికి లోపల ఫోమ్ నింపిన అరలు ఉండాలి, తయారీదారు ఖర్చు మిగుల్చుకునేది సాధారణంగా ఇక్కడే, ఒక అర తెరిచి చూపించమనండి. బోల్టులు తుప్పు పట్టని రకమేనా, ఇంజను బిగించే వెనక చెక్క ఎంత మందం ఉంది అని కూడా అడగండి. చెక్క పడవైతే కలప ఆరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న, అది ఊరి వడ్రంగి చెయ్యి పెట్టి చెప్పేస్తాడు.

పోయినన్ని పడవలే ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు, ఇక్కడ మొహమాటపడితే కష్టం. ఎవరెవరు ఎన్ని ఇస్తున్నారో మత్స్యశాఖ దగ్గరో మత్స్యకారుల సంఘం దగ్గరో ఒకే చోట లెక్క ఉండాలి. ప్రతి పడవకీ రిజిస్ట్రేషన్ అయ్యాకే తాళం ఇవ్వండి. కుదిరితే భార్యాభర్తలిద్దరి పేరునా రాయించండి.

పడవలు చాలనప్పుడు ఇంకో దారి కూడా ఉంది. 2011 మార్చి 11 సునామీలో జపాన్‌లోని ఇవాతె ప్రాంతంలో ఒమోయె మత్స్యకారుల సహకార సంఘంలో దాదాపు పడవలన్నీ పోయాయి. మిగిలిన కొన్నింటిని అందరివీ అనుకుని, కలిసి వాడుకుని, వచ్చింది పంచుకున్నారు. సంఘం మీద నమ్మకం ఉన్న ఊళ్లోనే ఇది సాగుతుంది. అన్నదమ్ములకే పడని చోట పదిమందికి ఒక పడవ ఇచ్చి "ఉమ్మడిగా వాడుకోండి" అంటే మరమ్మతు ఎవడూ చేయించడు, ఆఖరికి దాన్ని ఎవడో ఒకడికి అమ్మేస్తారు.

వల

వలలు మీరు కొని పంచకండి. ఏ చేపకి ఏ వల, కన్ను (వలలోని గడి) ఎంత ఉండాలి, దారం ఎంత మందం, ఎంత లోతు, బెండ్లు ఎన్ని, సీసపు గుండ్లు ఎంత బరువు, ఇదంతా రేవుని బట్టీ సీజన్ని బట్టీ మారిపోతుంది, ఒకే ఇంట్లో నాలుగు రకాలు ఉంటాయి. వెయ్యి మందికి ఒకే రకం వల ఇస్తే అందరూ ఒకే చేప వెనక పడతారు. వలలమ్మే నలుగురైదుగురు వ్యాపారుల్ని ఊళ్లోకే పిలిపించి, ప్రతి ఇంటికీ ఇంత విలువ అని కూపన్లు ఇచ్చేయండి, ఎవరికి కావాల్సింది వాళ్లు బేరమాడి తీసుకుంటారు. మీరు పెట్టాల్సిన షరతు ఒక్కటే, చట్టం ఒప్పుకోని చిన్న కన్ను వలలు కొనకూడదు.

పాత వలలు చెత్తలో, చెట్లలో చిక్కుకుని గుట్టలుగా ఉంటాయి. వాటిని విడదీసి పనికొచ్చే ముక్కలు కలిపి కుట్టడం తెలిసిన చేతులు ఊళ్లోనే ఉంటాయి, ఆ పనికి రోజు కూలి ఇవ్వండి. నీళ్లలో కొట్టుకుపోయిన వలల్ని కూడా దొరికినన్ని బయటికి తీయించాలి, అవి ఎవరూ లాగకపోయినా చేపల్నీ తాబేళ్లనీ పట్టి చంపుతూనే ఉంటాయి.

కూలి అన్నాను గనుక ఒక మాట. ఒడ్డు శుభ్రం చేసే పనికి ఎంత ఇవ్వాలో ఊరివాళ్లతో కూర్చుని నిర్ణయించండి. మరీ ఎక్కువ పెడితే పడవలు సిద్ధమయ్యే నాటికి కలాసీలు దొరకరు, మరీ తక్కువైతే అది అవమానం.

నీళ్ల అడుగున

ఇల్లు, కారు, కరెంటు స్తంభం, కొబ్బరి మొద్దు, అన్నీ సముద్రంలోకి కొట్టుకుపోతాయి. మొదటి వేటకే కొత్త వల అడుగున ఏ ఇనుప చువ్వకో తగులుకుని చిరిగితే ఆ ఇంటి పరిస్థితి మొదటికి వస్తుంది. జపాన్‌లో 2011 తర్వాత మత్స్యకారులకే డబ్బిచ్చి సముద్రంలోని శిథిలాలు తీయించారు, అటు ఆదాయం, ఇటు వేట చోటు శుభ్రం. పెద్ద పరికరాలు లేకపోయినా, ఏ చోట వల తగులుకుందో ప్రతి పడవా ఫోన్లో జీపీఎస్ గుర్తు పెట్టి, రేవులో ఒక బోర్డు మీద రాస్తే రెండు మూడు వారాల్లో ఊరికి ఒక పటం తయారవుతుంది. చెరువంత లోతు ఉన్న చోట గజ ఈతగాళ్లు తాడు కట్టి లాగుతారు, అంతకు మించిన లోతుకి మాత్రం ఎవర్నీ దించొద్దు.

చేప పట్టాక

పడవ, వల ఉండి, చేప పడి, ఐసు లేకపోతే మధ్యాహ్నానికి అంతా ఎరువే. వేడి ప్రాంతాల్లో కిలో చేపకి సుమారు కిలో ఐసు లెక్క వేసుకోవాలి. ఐసు ఫ్యాక్టరీకి కరెంటు ఎప్పుడొస్తుంది, అందాకా జనరేటర్ పెట్టగలమా, దూరం నుంచి లారీలో తెప్పించాలా అనేది పడవలు దిగకముందే తేలాలి. చేపలు ఎండబెట్టేవాళ్లకి ఇసుక మీద కాకుండా నడుమెత్తు బల్లలు, పైన వల కప్పు కట్టిస్తే సరుకు శుభ్రంగా ఉంటుంది, ధర కూడా కాస్త పలుకుతుంది. ఖరీదైన సోలార్ డ్రయర్లు మాత్రం అడిగితే తప్ప ఇవ్వకండి.

ఇంకో అడ్డంకి ఊహకి అందనిది: జనం చేప కొనరు. 2005 మొదటి నెలల్లో సునామీ తాకిన దేశాల్లో, సముద్రంలో కొట్టుకుపోయిన శవాల్ని చేపలు తిన్నాయన్న పుకారుతో అమ్మకాలు పడిపోయాయి. శవాల వల్ల చేపలు విషం అవుతాయన్నదానికి ఆధారం లేదు, తాజా చేపని బాగా ఉడికించి తింటే ఏ భయమూ లేదు. మురుగు కలిసిన నీళ్లలోని గవ్వచేపలు, ఆల్చిప్పలు మాత్రం పరీక్ష అయ్యేదాకా ఆపాలి, ఎందుకంటే అవి నీటిని వడగట్టుకుని తింటాయి, క్రిములు వాటిలో పోగవుతాయి. ఈ తేడా డాక్టర్ల చేత, మత్స్యశాఖ వాళ్ల చేత లోకల్ ఛానల్లో, రేడియోలో చెప్పించండి. అధికారి నలుగురి ముందు చేప కొని తీసుకెళ్తే వంద కరపత్రాల కన్నా ఎక్కువ పని చేస్తుంది.

అప్పు, కాగితాలు

చాలా తీరాల్లో వేటకి పెట్టుబడి ఇచ్చేది చేపలు కొనే వ్యాపారే. అప్పు తీరేదాకా చేప అతనికే, అతను చెప్పిన ధరకే అమ్మాలి. మీరు ఉచితంగా పడవ ఇచ్చినా పాత బాకీ అలాగే ఉంటుంది, కొత్త పడవ చేప కూడా అతని బుట్టలోకే పోతుంది. అలాగని అతన్ని తప్పించేద్దాం అనుకోవడం కూడా తొందరపాటే, రేపు ఇంట్లో జబ్బు చేస్తే అర్ధరాత్రి డబ్బిచ్చేది అతనే, పైగా అతని గోడౌనూ మునిగి ఉంటుంది. మధ్యేమార్గం, మొదటి కొన్ని వేటల ఖర్చు, అంటే డీజిలూ ఐసూ తిండీ, మీ వైపు నుంచి వచ్చేలా సంఘంలో చిన్న నిధి పెట్టడం. ఆ వేటల్లో పడ్డ చేప బయట ధరకి అమ్ముకుంటే కొంచెం ఊపిరి వస్తుంది, వ్యాపారితో కూర్చుని మాట్లాడే ధైర్యమూ వస్తుంది. బ్యాంకు వాయిదాలు కొన్నాళ్లు ఆపించడానికి అర్జీ పెట్టించండి.

పడవ రిజిస్ట్రేషన్, లైసెన్సు, గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం, భూమి కాగితాలు అన్నీ నీళ్లపాలై ఉంటాయి. చదువుకున్న కుర్రాళ్లు ఇద్దరు ఒక ల్యాప్‌టాప్, ప్రింటర్‌తో రేవులో టేబుల్ వేసుకుని డూప్లికేట్లకి అర్జీలు నింపి పెడితే, దానికి మించిన సాయం ఆ నెలలో ఇంకోటి ఉండదు. సముద్రంలో గల్లంతై శవం దొరకని వాళ్ల ఇళ్లలో పరిస్థితి మరీ ఘోరం, మరణ ధ్రువపత్రం లేనిదే పరిహారం రాదు, మామూలు చట్టం ప్రకారమైతే చాలా దేశాల్లో ఏళ్ల తరబడి ఆగాలి. పెద్ద విపత్తుల్లో ప్రభుత్వాలు ఈ గడువు సడలిస్తాయి, అలాంటి ఉత్తర్వు వచ్చిందా అని లాయర్‌తో కనుక్కోండి. మొదటి వారం రాసిన ఆ గల్లంతైన వాళ్ల కాగితాలు ఇక్కడ అక్కరకొస్తాయి.

ఇల్లు ఎక్కడ

సునామీ తర్వాత శ్రీలంకలో తీరం నుంచి కొన్ని ప్రాంతాల్లో 100 మీటర్లు, కొన్నిచోట్ల 200 మీటర్ల లోపు ఇళ్లు కట్టకూడదన్నారు, విమర్శలు రావడంతో తర్వాత సడలించారు. భద్రత కోసం దూరం జరగమనడం తప్పేమీ కాదు. కానీ తెల్లవారుజామున అల ఎలా ఉందో చూసి వేట నిర్ణయించుకునేవాళ్లని, వలా ఇంజనూ ఒడ్డునే వదిలిపెట్టి తీరానికి అయిదు కిలోమీటర్ల దూరంలో పడుకోమంటే కుదరదు, కొన్నాళ్లకి మళ్లీ ఒడ్డున గుడిసెలు లేస్తాయి. లోపల ఇల్లు కట్టిస్తే ఒడ్డున వలలూ ఇంజన్లూ పెట్టుకునే గట్టి షెడ్డు, పడవలు లాక్కునే చోటు కూడా అదే ప్లాన్లో ఉండాలి. ఖాళీ చేసిన తీరం మీద రాసిచ్చిన హక్కు మత్స్యకారులకే ఉండాలి, లేకపోతే రెండేళ్లలో అక్కడ హోటల్ వస్తుంది. 2014లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఆమోదించిన చిన్నతరహా మత్స్యకారుల మార్గదర్శకాల్లో ఈ భూమి హక్కు గురించీ, విపత్తుల గురించీ స్పష్టంగా ఉంది, అధికారులతో మాట్లాడేటప్పుడు చేతిలో పెట్టుకోండి.

మడ అడవులు నాటిస్తామంటూ చాలామంది వస్తారు. శ్రీలంకలో సునామీ తర్వాత నాటిన మడ మొక్కల్లో ఎక్కువ భాగం బతకలేదు, చోటూ రకమూ చూడకుండా నాటడం అందుకు పెద్ద కారణం. ఒకప్పుడు మడ ఉండి పోయిన చోటుకి ఉప్పునీటి పోటు మళ్లీ వచ్చేలా దారి చేస్తే చాలాసార్లు అదే మొలుస్తుంది.

మళ్లీ సముద్రంలోకి

అన్నీ సిద్ధమయ్యాక కూడా కొందరు వెళ్లరు. అల చప్పుడుకే గుండె దడ వస్తుంది, నిద్ర పట్టదు, తాగుడు పెరుగుతుంది. "మగాడివై ఉండి భయమేంటి" అనే మాట అక్కడ ఎవరూ అనకుండా చూడండి. మొదటిసారి పడవలన్నీ కలిసి, దగ్గర్లోనే, పగటిపూట వెళ్లి వస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. నెల దాటినా తేరుకోని వాళ్లని డాక్టర్‌కి చూపించాలి.

లైఫ్ జాకెట్లు ఇచ్చేటప్పుడు వేసుకుని వల లాగగలరా అని చూసి ఇవ్వండి, ఉబ్బుగా ఉన్నవి మడత విప్పకుండానే మూలన పడతాయి. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుఫాను వచ్చేసరికి కేరళ, తమిళనాడు మత్స్యకారులు ఎందరో అప్పటికే లోతు సముద్రంలో ఉన్నారు, హెచ్చరిక వాళ్లని చేరలేదు. మొబైల్ సిగ్నల్ ఒడ్డు నుంచి కొద్ది దూరమే అందుతుంది. దూరం వెళ్లే పడవలకి వీహెచ్‌ఎఫ్ రేడియో (సిగ్నల్ టవర్ లేకుండానే పడవలూ ఒడ్డూ మాట్లాడుకునేది), ఆపదలో 16వ ఛానల్ వాడటం, వీలైతే ఉపగ్రహం ద్వారా సందేశం అందే పరికరం, వీటికి డబ్బు పెట్టండి. ఎవరు ఎప్పుడు వెళ్లారో రాసే పుస్తకం ఒకటి రేవులో పెట్టి, రోజూ రాసే మనిషికి నెలకి కొంత ఇవ్వండి.

మీ పని ఎలా జరిగిందో చూడాలంటే ప్రారంభోత్సవానికి కాదు, ఏడాది తర్వాత మంచి వేట సీజన్లో చెప్పకుండా ఒక ఉదయం రేవుకి వెళ్లండి. ఇసుక మీద ఉన్న ప్రతి పడవ దగ్గరా ఆగి ఎందుకు వెళ్లలేదో అడగండి. ఇంజను పార్టు దొరకలేదంటారు, కలాసీలు వలస వెళ్లారంటారు, డీజిల్‌కి డబ్బు లేదంటారు, పడవ మొదట్నుంచీ కారుతోందంటారు. అవి రాసుకుని రండి, మిగిల్చిన డబ్బుంటే దానికి ఖర్చు చేయండి. అందుకే మొదటే మొత్తం ఖర్చు పెట్టేయకుండా కనీసం పదో వంతు ఆ రోజు కోసం పక్కన పెట్టుకోండి.